కలావంతుల ఆట: మార్చి చెప్పే హక్కు ఎవరిది?

ముమ్మిడివరం, మురమండ, దువ్వ, బల్లిపాడు. గోదావరి డెల్టాలోని ఈ ఊళ్ళ పేర్లు నాట్యచరిత్రల్లో అరుదుగా కనిపిస్తాయి. గుడిసేవలో, పెళ్ళిమేళంలో, జమీందార్ల మేజువాణీల్లో ఆడిపాడిన కలావంతుల స్త్రీలు ఇక్కడివాళ్ళే. వాళ్ళు దళితులు కారు. కాని కులవ్యవస్థ ఒక స్త్రీ విద్యను తీసుకొని మనిషిని ఎట్లా వదిలేస్తుందో తెలుసుకోవాలంటే వాళ్ళ చరిత్ర మనం చదవాలి.

ఈ విద్య ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గరా గురువుల దగ్గరా సాగేది. అడుగులూ జతులూ ఉన్నవి ఉన్నట్టు పట్టుకోవాలి. అభినయం సంగతి వేరు. క్షేత్రయ్య పదంలో ఒకే పంక్తిని మళ్ళీ మళ్ళీ పాడుతూ ఒకసారి కోపంగా, ఒకసారి ఎత్తిపొడుపుగా, ఇంకోసారి దిగులుగా చూపించాలి. పాడేదీ ఆమే, అభినయించేదీ ఆమే. అమ్మమ్మ చేసినట్టే మనవరాలు చేస్తే సగం చదువే వచ్చినట్టు. సొంతంగా మార్చి చెప్పగలగడమే మిగతా సగం.

1947 నాటి మద్రాసు చట్టం స్త్రీలను గుడికి అంకితమివ్వడాన్ని నిషేధించింది. 1956 సవరణతో పెళ్ళిళ్ళలో మేళం కూడా నేరమైంది. అంకితం పేరుతో సాగే దోపిడీ పోవలసిందే. దళిత స్త్రీలను జోగినులను చేసే ఆచారం మీద 1988లో మళ్ళీ చట్టం తేవలసి వచ్చిందని మరిచిపోకూడదు. అయితే కలావంతులకు పోయింది దోపిడీ ఒక్కటే కాదు, కూడు పెట్టిన విద్య కూడా పోయింది. 'భోగం' అన్న తిట్టు మాత్రం మిగిలింది. చాలా కుటుంబాలు సూర్యబలిజలన్న పేరు తీసుకొని, పిల్లలకు ఆట నేర్పడం మానేశాయి. పెద్దవాళ్ళు తలుపులు మూసుకొని తమకోసం తామే అభినయించుకున్న సంగతి దావేష్ సొనేజీ 2012 నాటి పుస్తకంలో రాశారు.

1970ల మొదట్లో నటరాజ రామకృష్ణ ఈ వృద్ధ కళాకారిణులను ఒకచోటికి చేర్చారు. సరిదె మాణిక్యమ్మ వంటివారు తమ విద్యను బయటివాళ్ళకు నేర్పారు. అది 'ఆంధ్రనాట్యం' అయింది. మద్దుల కుటుంబం దగ్గర నేర్చుకొన్న స్వప్నసుందరి చేతిలో 'విలాసినీ నాట్యం' అయింది. వీళ్ళ కృషి లేకపోతే చాలా పదాలు మట్టిలో కలిసేవి. కాని కొత్త పేర్లలో కలావంతుల ఊసు లేదు. నేర్పినవాళ్ళు గురువులుగా గౌరవం పొందారు గాని, రంగస్థలం మాత్రం ఎక్కువగా ఇతర కులాల స్త్రీలదయింది. అప్పటికప్పుడు అర్థం మార్చి చూపిన పదం, నిమిషాలు లెక్కగట్టిన ప్రదర్శనలో ఒక అంశంగా గట్టిపడింది.

ఇప్పుడు యశోదా ఠాకూర్ వంటివారు కలావంతుల వారసత్వాన్ని పేరుపెట్టి చెప్పుకొంటున్నారు. దీన్ని మేము ముఖ్యమైన మలుపుగా చూస్తున్నాం. ఎవరైనా నేర్చుకోవచ్చు, ఎవరైనా ఆడవచ్చు. అయితే ఏది శుద్ధం, ఏది అసభ్యం, ఏది మార్చవచ్చు అని తేల్చే చోట ఆ ఇళ్ళ ఆడవాళ్ళు కూర్చోవాలి. అప్పటిదాకా ముద్రలు అందినా వారసత్వం అందినట్టు కాదు.