ఒకే యంత్రము - దేశమునకొక తీరు

ఒక యింటిని వాటాలుగా విభజించి పలువురకు అద్దెకిచ్చుట మన పట్టణములలో వింత కాదు. కాపురమునకొక పొయ్యి, కాపురమునకొక తాళము, పునాది మాత్రమొక్కటే. కంప్యూటరును ఇట్లే విభజించి, ఒకదానిచేత పది యంత్రముల పని చేయించు విద్యకు వర్చువలైజేషన్ అని పేరు. ఈ విద్య ఒక్కటియే యైనను, వర్తకులు దానిని చేపట్టిన కారణములు దేశమునకొక తీరుగ నున్నవి.

దీని పుట్టినిల్లు అమెరికా. అచటి కేంబ్రిడ్జి నగరమున 1960ల నడుమ ఐ.బి.ఎం. నిపుణులు సీపీ-40 అను వ్యవస్థను నిర్మించిరి. 1972లో ఆ సంస్థ వీఎం/370ను ప్రకటించెను. యంత్రము మిక్కిలి ఖరీదైన ఆ దినములలో పంచుకొనుటయే పొదుపు. పిమ్మట చౌక సర్వర్లు వచ్చెను. పనికొకటి చొప్పున కొనగా, అవి చాలవరకు ఊరకే యుండి విద్యుత్తును మ్రింగసాగెను. 1998లో నెలకొన్న వీఎంవేర్ సంస్థ 2001లో సర్వర్లకు తగిన సాధనమును తెచ్చుటతో, పాత పొదుపు మరల ఆదరణ పొందెను.

మన దేశపు కథ వేరు. విదేశీ వాటాను తగ్గింపవలెనను నిబంధనకు సమ్మతింపక ఐ.బి.ఎం. 1978లో భారతదేశమును వీడెను. దానితో ఆ సంస్థ పెద్ద యంత్రములు ఇచట విస్తరించు మార్గము మూతబడెను. 2003లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము నుండి జెన్ అను ఉచిత సాధనము వెలువడెను. దాని ఆధారముననే అమెజాన్ సంస్థ 2006లో యంత్రములను గంటల లెక్కన అద్దెకిచ్చుట ఆరంభించెను. సొంత సర్వరు లేని చిన్న వర్తకునకు ఇది మేలైనది. ఆ సంస్థ 2016లో ముంబయిలోను, 2022లో హైదరాబాదులోను తన కేంద్రములను నెలకొల్పెను.

ఐరోపాలో పొదుపుకన్న చట్టము ముందు నిలిచెను. పౌరుల వివరములను అమెరికాకు పంపు ఏర్పాట్లను అచటి న్యాయస్థానము 2015లో నొకసారి, 2020లో మరొకసారి కొట్టివేసెను. చెల్లింపుల వివరములు దేశములోనే నిలువయుండవలెనని 2018లో మన రిజర్వు బ్యాంకును ఆదేశించెను.

అద్దెయింటి చిక్కులు ఇచటను తప్పవు. 2023లో బ్రాడ్‌కామ్ సంస్థ వీఎంవేరును కొని, శాశ్వతపు లైసెన్సుల విక్రయమును నిలిపి, చందా పద్ధతిని నెలకొల్పెను. తమ పనినంతయు దానిపైననే నిలిపిన సంస్థలకు వెంటనే వేరు దారి దొరకుట కష్టము. 2007 నుండి లినక్సులో భాగమైయున్న కేవీఎం వంటి స్వేచ్ఛా సాధనములను అభ్యసించినవారికి మాత్రము మరియొక ద్వారము తెరచియున్నది. పొదుపు చూచుకొనుట వర్తకధర్మమే. తాళపుచెవి ఎవరి చేతిలో నున్నదో ముందుగా చూచుకొనుటయు అందులోని భాగమే యని మనము గ్రహింపవలెను.