మరాస్కినో: చెట్టు ఎవరిది?

పెళ్ళివిందుల్లో ఐస్‌క్రీముపై మెరిసే ఎర్రని 'చెర్రీ' మన దేశంలో చాలాసార్లు చెర్రీ కాదు. పాకంలో ఊరి, రంగు పులుముకున్న వాక్కాయ. ఆ వేషానికి మూలమైన పేరు 'మరాస్కినో'. మద్యం రుచి ఎరుగనివాణ్ణే అయినా, ఈ పదం పుట్టుక వెదుకుతూ పోయి ఒక వంశచరిత్రలో చిక్కుకున్నాను.

ఏడ్రియాటిక్ తీరాన డాల్మేషియా అనే సీమ ఉంది. అక్కడ కాచే పుల్లని, చిరుచేదు చెర్రీని ఇటాలియన్ భాషలో 'మరాస్కా' అంటారు. చేదు అనే అర్థమిచ్చే లాటిన్ 'అమారుస్' నుంచి వచ్చిన మాట అది. మన 'అమ్ల' శబ్దం దానికి జ్ఞాతి అని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు.

ఆ సీమకు ముఖ్యపట్టణం జారా. నేటి క్రొయేషియాలోని జాదర్. ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న ఆ ఊరికి జెనోవా ప్రాంతీయుడైన జిరోలమో లుక్సార్దో, సార్డీనియా రాజ్యపు కాన్సల్‌గా వచ్చాడు. ఆయన భార్య మరియా కనెవారి మరాస్కా పండ్లతో ఇంట్లోనే తీయని మద్యం తయారుచేసేది. ఆ చేతిపని అందరి మెప్పూ పొందగా 1821లో భర్త డిస్టిలరీ స్థాపించాడు. 1829లో చక్రవర్తి నుంచి ప్రత్యేక హక్కును సంపాదించాడు. నేటికీ సీసాపై ఉన్నది లుక్సార్దో పేరే. మొదట రుచి కుదిర్చిన చేయి మాత్రం ఆ ఇల్లాలిది.

పండ్లను గింజలతో సహా సారాయంలో చాలాకాలం ఊరబెట్టి, రాగిబట్టీలలో దించుతారు. రంగు దిగని యాష్ కర్ర తొట్లలో మాగనిచ్చి, పంచదారపాకం కలుపుతారు. పండు ఎరుపు, మద్యం మాత్రం స్ఫటికం! సీసాకు గడ్డితో అల్లిన తొడుగు వేస్తారు.

మూడవ తరంవాడైన మికెలాంజెలో 1913లో జారా రేవున పెద్ద కర్మాగారం కట్టించాడు. తర్వాత ఊరు ఇటలీ వశమయింది. రెండవ ప్రపంచయుద్ధంలో 1943–44 నాటి మిత్రపక్షాల బాంబుదాడులకు ఊరితోపాటు కర్మాగారమూ కూలిపోయింది. అన్నదమ్ములలో పీత్రో, నికొలో, నికొలో భార్య బియాంకా యుగోస్లావ్ పార్టిజాన్ల చేతుల్లో హతులయ్యారు. నాలుగవ తరంలో మిగిలినవాడు జార్జో ఒక్కడే.

ఆయన ఇటలీ చేరి, 1947లో పాదువా సమీపాన తొర్రేలియాలో మళ్ళీ పునాది వేశాడు. విద్య చేతిలో ఉంది, మరాస్కా చెట్టేది? ఆ మొక్కలు ఫ్లోరెన్స్ విశ్వవిద్యాలయంలో దొరికాయి. ఆచార్య అలెస్సాంద్రో మొరెత్తీని యుద్ధానికి పూర్వమే పరిశోధనకోసం వాటిని పెంచుతూ ఉన్నాడు. నేడు తొర్రేలియా పరిసరాల్లో ఆ సంతతి చెట్లు సుమారు 30,000. సంస్థ నేటికీ ఆ కుటుంబానిదే.

అయితే కథకు రెండవ పక్షమూ ఉంది. జాదర్‌లో యుద్ధానంతరం పాత కర్మాగారాలను జాతీయం చేసి 'మరాస్కా' అనే సంస్థను నెలకొల్పారు. లుక్సార్దోలు రాకముందే, 1759లో, ద్రియోలి కుటుంబం ఆ ఊళ్ళో మరాస్కినో వ్యాపారం ఆరంభించింది. ఈ మద్యం ఊరిదని జాదర్‌వాసి అంటే కాదనగలమా? మా వంశానిదని లుక్సార్దోలు అంటే, వారు పోగొట్టుకున్నవారిని తలచుకున్నాక, ఎదురుచెప్పగలమా?

తీర్పు చెప్పే సాహసం నాకు లేదు. ఒకటి మాత్రం తోస్తుంది. చక్రవర్తి ఇచ్చిన హక్కు, రేవున కట్టిన మేడ ఆ వంశాన్ని కాపాడలేకపోయాయి. లాభం ఆశించని ఒక అధ్యాపకుడు చదువుకోసం నాటుకున్న నాలుగు మొక్కలు కాపాడాయి.