బండలాగుడు పందెము

గుఱ్ఱపుపందెము చూడగోరు తెలుగువాడు సాధారణముగా హైదరాబాదులోని మలకపేటకు పోవును. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున, 1886లో, మౌలాలి నుండి అక్కడికి మాఱిన పందెములవి. గుంటూరు, ఒంగోలు సీమల రైతునకు మాత్రము పందెము కొఱకు అంతదూరము పోవలసిన యవసరము కలుగలేదు. సంక్రాంతి మొదలుకొని శివరాత్రి దాటి ఉగాది వఱకును, ఒకప్రక్క మిరపకోతలు సాగుచుండగనే, ఏదో యొక యూరి చెఱువు దాపుననో, దేవాలయము ముందరి బయలులోనో, ఎడ్ల పందెము జరుగుచునే యుండును. కాని యిది పరుగుపందెము కాదు. బండలాగుడు పందెము.

దీనిని తొలిసారి చూడవచ్చిన పట్టణవాసి మొదట కొంత తికమక పడును. ఆతనికి కనబడునది చదును చేసిన యొక పొడవాటి మట్టిబాట. దాని కిరుప్రక్కల త్రాళ్ళు. అడ్డముగా సున్నపు గీతలు. నడుమ నేలపై బోర్లించినట్లు పడియున్న నల్లరాతి బండ. పందెమునకు గమ్యమెక్కడ యని ఆతడు వెదకును. గమ్యము లేదు. కాడికి గొలుసుతో బండను తగిలింతురు. జత యా చివరకు లాగి, మరలి, యీ చివరకు లాగవలెను. ఇట్లు నిర్ణీతమైన నిమిషములు ముగిసి ఈల మ్రోగువఱకును సాగును. అటుపిమ్మట టేపుపెట్టి కొలిచి అడుగులును అంగుళములును చాటుదురు. ఎక్కువ దూరము లాగిన జత గెలుపు. ఒక్కొకప్పుడు రెండు జతల నడుమ భేదము అంగుళములలోనే తేలును.

క్రొత్తవాని చూపు గిత్తల కొమ్ములమీదను, మెడలోని గంటలమీదను నిలుచును. అనుభవశాలియైన రైతు వెనుకకాళ్ళ గిట్టలను చూచును. ఏలయన, బండ కదలుచున్నప్పటి శ్రమ కన్న, ఆగిన బండను కదల్చుటయందే శ్రమ హెచ్చు. ఆ మొదటి క్షణమున రెండెడ్లును ఒక్కసారిగా మెడ వంచి, గిట్టలు నేల నాటి, బలము పెట్టవలెను. ఒకటి ముందు, ఒకటి వెనుక యైనచో కాడి వంకరపోవును, బలము వృథయగును. చివరలలో మరలునప్పుడును ఇదే చిక్కు: లోపలి యెద్దు ఆగి, వెలుపలి యెద్దు చుట్టు తిరుగవలెను. మరలుటలో పోగొట్టుకొన్న కాలమును తిన్నని బాటలో సంపాదించుట దుర్లభము. ఒక యజమాని గిత్తకు వేఱొక యూరి యజమాని గిత్తను జోడుకట్టి తెచ్చుటయు కలదు. అట్టి జోడును సాధించుటకు మాసములు పట్టును. రెండు జీవుల యడుగు నొక్కటి చేయుట యంత సులభమా!

పందెము కొఱకు గిత్తలను వయస్సును బట్టి వేఱుపఱతురు; ఆ వయస్సును పండ్లను బట్టి నిర్ణయింతురు. పాలపండ్ల కోడెలు, రెండుపండ్లవి, నాలుగుపండ్లవి, ఆఱుపండ్లవి, ఆపైన జూనియర్లు, సీనియర్లు అని తరగతులు. తరగతి పెరిగినకొలది బండ బరువును పెరుగును. సీనియర్లు లాగు బండ ఆ జతయెడ్ల మొత్తపు బరువును మించునది. పందెపుగుఱ్ఱమునకు పుట్టినతేది గ్రంథములో నెక్కియుండును. అదియునుగాక, అది యే నెలలో పుట్టినను జనవరి 1వ తేదిననే దానికి వయస్సు పెంచి లెక్కింతురు. మన గిత్తకు నోటిలోని పండ్లే జన్మపత్రిక. న్యాయనిర్ణేత పెదవి పైకెత్తి పండ్లు చూచుచుండగా, యజమాని ముఖమున కనబడు ఆత్రము పిల్లవానిని బడిలో చేర్పించు తండ్రి యాత్రమును పోలియుండును.

ఇట్టి పందెము ఈ నేలమీదనే యింత బలముగా వేళ్ళూనుటకు కారణము నేలయే. నల్లరేగడి తడిసినచో బంకయై కాలు పట్టును. ఎండినచో బీటలు వాఱి ఱాయియగును. ఆ రెంటి నడుమ దొరకు కొద్ది దినములలోనే దున్నవలెను, గుంటక తోలవలెను, గొఱ్ఱుతో విత్తవలెను. చిన్న గొడ్డుతో నది యగు పని కాదు. తెల్లని మేను, ఎత్తైన మూపురము, వ్రేలాడు గంగడోలు, పొట్టి కొమ్ములు, ఓర్పుగల నడక గల యీ జాతిని గుండ్లకమ్మ, మూసి నదుల నడిమి రైతులు తరతరములుగ నేరి నిలుపుకొన్నది ఈ పని కొఱకే. ఆ నేలలో పండిన జొన్న చొప్పయే దానికి మేత. ప్రత్తినుండి వచ్చిన గింజయే నానబెట్టి రుబ్బి పెట్టు దాణా. నేల యెద్దును పెంచినది. ఎద్దు నేలను దున్నినది. ఇనుపదారి రాకమునుపు ప్రత్తిబోరెములును, ధాన్యమును, పొగాకును ఊళ్ళు దాటించినది ఈ యెడ్ల బండ్లే. కోటప్పకొండ తిరునాళ్ళకు ఆకాశమంటునట్టి ప్రభలను బండ్లమీద నిలిపి తెచ్చినదియు నవియే. బరువు లాగుట నిత్యకృత్యమైనచోట, ఎవరి జత యెక్కువ లాగునను మాట పుట్టక మానునా?

ఈ జాతి పేరునకొక చిత్రమైన చరిత్ర కలదు. ఒంగోలు తాలూకా 1904 వఱకు నెల్లూరు జిల్లాలోనిది. ఆ యేట గుంటూరు జిల్లా యేర్పడినప్పుడు దానిలో చేరినది. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్తజిల్లా యేర్పడి, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు దాల్చినది. కావున పందొమ్మిదవ శతాబ్దమున ఓడలెక్కిన ఒంగోలు పశువులు నెల్లూరు పేరుతోనే పరదేశములకు పోయినవి. 1868లో ఇంగ్లండునకు పోవు నోడనుండి ఒక జత బ్రెజిలు దేశపు సాల్వడారు రేవున దిగినది. తరువాత మఱికొన్ని పోయినవి. 1960 తరువాత పోయినవానిలో, ఒంగోలు చెంతనున్న కరవది గ్రామము పేరుతోనే ‘కరవది’ యని పిలువబడిన యాబోతు అక్కడ గొప్ప సంతానమునకు మూలపురుషుడైనది. నేడు బ్రెజిలు మాంసపు పశువులలో అధికభాగము ఈ ‘నెలోర్’ రక్తము కలవే. 2023లో అచ్చటి వేలములో ఒక ఆవు వెల నలుబది లక్షల డాలర్లకు మించినదని లెక్కగట్టగా, మన పత్రికలు ఆ వార్తను అత్తవారింట వృద్ధిలోనికి వచ్చిన ఆడపడుచు కబురువలె ప్రకటించినవి. అయితే ఆ యాడపడుచు మెడమీద కాడి లేదు. అక్కడ ఈ జాతిని తూకమునకు పెంచిరి. ఇక్కడ లాగుటకు పెంచిరి.

ఇక్కడ లాగు పనియే పోయినది. ట్రాక్టరు వచ్చిన పిమ్మట దుక్కి దానిదయ్యెను, బరువు లారీదయ్యెను. గాదెలోని ధాన్యమువలె దాచియుంచుటకు ఎద్దు వస్తువు కాదు. పని లేనినాడును అది తినును. కావున ఒకప్పుడు ప్రతియింట నుండిన జత క్రమముగ తఱిగి, కొద్దిమంది వేడుకగల రైతుల కొట్టములలో మాత్రమే మిగిలినది. గుంటూరు చెంతనున్న లాం క్షేత్రమును, ప్రకాశము జిల్లాలోని చదలవాడ క్షేత్రమును జాతిని కాపాడుటకు పాటుపడినవి. కాని క్షేత్రములో బీజమును కాపాడవచ్చును. లాగు నేర్పును కాపాడుట యెట్లు? అది కాడిక్రిందనే పుట్టి, కాడిక్రిందనే నిలుచునది. ఉలవలు ఉడికించి పెట్టి, ఉదయము నడిపించి, యేటికి కొన్ని దినములు బండ లాగించుటకై లక్షలు వెచ్చించు యజమానిని చూచి నవ్వువారు కలరు. నేను నవ్వజాలను. కోడెదూడ పుట్టినప్పుడు దానిని కటికవానికి అమ్మక యుంచుకొనుటకు అనేకచోట్ల ఈ బండ యొక్కటియే కారణముగ మిగిలినది.

అయినను బయలులో జరుగునదంతయు వినోదమని చెప్పుట సత్యము కాదు. చివరి నిమిషములలో జత అలసి నిలిచిపోయినప్పుడు చెర్నాకోల లేచును, తోక మెలితిరుగును, ములుగఱ్ఱ మొన గ్రుచ్చుకొనును. నోట నురుగు కారుచున్న యెద్దును చూచి, తొలిసారి వచ్చినవాడు మొగము త్రిప్పుకొనుట కలదు; ఆతనిని పిఱికివాడనరాదు. జంతువులపట్ల క్రూరత్వమును నివారించు చట్టము 1960లో వచ్చినది. దానిని బట్టియే 2014 మే 7వ తేదిన సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పరుగులను నిషేధించినది. తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రములు చట్టమును సవరించుకొనగా, 2023 మే 18వ తేదిన రాజ్యాంగ ధర్మాసనము ఆ సవరణలను సమర్థించినది. ఆ మూడింటిలో మన రాష్ట్రము లేదు. ఇంగ్లండు గుఱ్ఱపుపందెములలో రౌతు ఎన్ని కొరడాదెబ్బలు కొట్టవచ్చునో లెక్క కలదు. మించినవానికి శిక్ష కలదు. అడుగులును అంగుళములును ఇంత నిక్కచ్చిగా కొలుచు మన పెద్దలకు పోట్లను లెక్కించుట యేమి కష్టము? నెత్తురుచుక్క కనబడిన జతను ఆ క్షణముననే తొలగింతుమని ముందుగా చాటినచో, మరునాటి పందెమునకు ములుగఱ్ఱ యింటివద్దనే యుండును.

ప్రొద్దు గ్రుంకినను పందెములు ముగియవు. దీపస్తంభములు వెలుగును, మైకులో వ్యాఖ్యాత గొంతు బొంగురుపోవును, మిరపకల్లముల మీదుగా వచ్చు గాలికి జనులు తుమ్ముచునే కదలక కూర్చుందురు. వంతు ముగిసిన గిత్తలను ఒకప్రక్క చెట్లక్రింద కట్టి, వేడినీళ్ళతో మెడయు మూపురమును కడిగి, అఱచేతులతో ఒత్తుచుందురు. గెలిచిన జతకును ఓడిన జతకును ఆ సేవలో భేదముండదు. పిమ్మట గడ్డి పఱచిన లారీ వెనుకకు వచ్చి గట్టునకు ఆనును. పగలంతయు బండ లాగిన గిత్తలు పలకమీద అడుగిడుటకు వెనుదీయగా, యజమాని ముందు తానెక్కి, ముకుత్రాడు పట్టుకొని, మెల్లగా పేరుపెట్టి పిలుచును.