కిలిమంజారో: విరాళాల కోసం ఎక్కే పర్వతం

ఆఫ్రికా ఖండంలో అత్యున్నత శిఖరం కిలిమంజారో. టాంజానియా ఈశాన్య భాగంలో, కెన్యా సరిహద్దుకు చేరువలో ఉన్న ఈ నిద్రాణ అగ్నిపర్వతం ఎత్తు 5,895 మీటర్లు. ఏ పర్వతశ్రేణికీ చెందక, మైదానం నడుమ ఒంటరిగా నిలిచి ఉంటుంది. సేవాసంస్థలకు నిధులు సేకరించేందుకు సామాన్యులు చేసే ఆరోహణలకు ఇంతగా పేరుపడిన శిఖరాలు ప్రపంచంలో అరుదు. వాడుకలో ఉన్న దారుల్లో తాళ్లు, మంచుగొడ్డళ్లు లేకుండా నడిచే శిఖరానికి చేరుకోవచ్చు. శిక్షణ పొందిన పర్వతారోహకులు కానివారు సైతం సాహసించగలిగిన ఎత్తు ఇది. అదే సమయంలో విన్నవారు విరాళమివ్వడానికి ముందుకొచ్చేంత కష్టమూ ఇందులో ఉంది.

ఈ యాత్రల పద్ధతి సరళమైనది. యాత్రికుడు ఒక సేవాసంస్థను ఎంచుకుని, ఇంత మొత్తం సేకరిస్తానని మాట ఇస్తాడు. బంధుమిత్రులు, సహోద్యోగులు అతని పేరు మీద విరాళాలిస్తారు. 2009 మార్చిలో బ్రిటన్‌కు చెందిన కామిక్ రిలీఫ్ సంస్థ కోసం గాయకుడు గ్యారీ బార్లో సహా తొమ్మిదిమంది ప్రముఖులు ఈ శిఖరాన్ని అధిరోహించారు. మలేరియా నివారణకు దోమతెరలు అందించడం వంటి పనుల కోసం ఆ యాత్ర 30 లక్షల పౌండ్లకు పైగా సమకూర్చింది. ప్రముఖుల యాత్రను టెలివిజన్ ప్రసారం చేసింది. సామాన్యుడి యాత్రకు అతని పరిచయాలే ఆధారం.

దాతలు తరచు అడగని ప్రశ్న ఒకటుంది: యాత్ర ఖర్చు ఎవరిది? కొందరు విమాన టిక్కెట్టు మొదలు గైడ్ రుసుము వరకు సొంత డబ్బుతోనే భరిస్తారు. అప్పుడు సేకరించిన ప్రతి రూపాయీ సంస్థకు చేరుతుంది. మరికొన్ని ఏర్పాట్లలో సేకరించిన మొత్తంలోంచే యాత్ర ఖర్చు తీస్తారు. రెండో పద్ధతి తప్పు కాదు గాని, ఆ సంగతి దాతకు ముందే తెలియాలి.

ఖర్చుకూ ప్రాణభద్రతకూ ఇక్కడ దగ్గరి సంబంధం ఉంది. జాతీయ ఉద్యానవనం రుసుములను రోజుల లెక్కన వసూలు చేస్తారు. రోజు తగ్గితే ఖర్చు తగ్గుతుంది. కాని శరీరం పలుచని గాలికి అలవాటు పడటానికి కావలసింది ఆ రోజులే. శిఖరం వద్ద అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో సుమారు సగం. 3,000 మీటర్లు దాటాక, రాత్రి నిద్రించే చోటు ముందటి రాత్రికంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండరాదని, మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి అవసరమని వైద్యులు చెబుతారు. మరాంగు దారిలో ఐదు రోజుల యాత్ర చేసేవారు మొదటి రాత్రి 2,720 మీటర్ల వద్ద ఉన్న మందారా బసలో, రెండో రాత్రి 3,720 మీటర్ల హొరోంబోలో, మూడో రాత్రి సుమారు 4,700 మీటర్ల కీబోలో ఉంటారు. అంటే రోజుకు దాదాపు వెయ్యి మీటర్లు! మూడో రాత్రి నిద్ర కూడా నామమాత్రమే. అర్ధరాత్రి వేళకే శిఖరం వైపు కదలాలి. స్థానిక గైడ్లు దారి పొడవునా స్వాహిలీలో ‘పోలే పోలే’ అంటారు. మెల్లమెల్లగా అని దాని అర్థం.

ఎత్తువల్ల కలిగే అస్వస్థత తలనొప్పి, వికారం, నిద్రలేమితో మొదలవుతుంది. ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, మెదడు వాయవచ్చు. అప్పుడు ఆలస్యం చేయక కిందికి దిగడమే ప్రధాన చికిత్స. విరాళం కోసం వచ్చినవారికి ఈ నిర్ణయం మరింత కష్టం. తన మాట నమ్మి డబ్బిచ్చినవారికి ముఖమెలా చూపాలన్న సంకోచం లక్షణాలను దాచిపెట్టేలా చేయగలదు. శిఖరం చేరితేనే విరాళం అనే షరతు ఆ ఒత్తిడిని పెంచుతుంది. అందుకే ప్రయత్నానికే విరాళం ప్రకటించడం మేలు.

యాత్రికుడి వెనుక పోర్టర్లు ఉంటారు. ఒక్కొక్కరికి ముగ్గురు నలుగురు అవసరమవుతారు. ఉద్యానవన నియమం ప్రకారం పోర్టరు మోసే బరువు 20 కిలోలు మించరాదు. వారి వేతనాలు, భోజనం, ఉన్ని దుస్తుల కోసం కిలిమంజారో పోర్టర్ల సహాయ పథకం 2003 నుంచి కృషి చేస్తోంది. సేవ పేరిట సాగే యాత్రలో వీరి కూలిలో కోత పడితే ఆ సేవకు అర్థమేమిటి?

హిమాలయాల్లో దారి వేరు. 1953లో ఎవరెస్టును అధిరోహించిన ఎడ్మండ్ హిల్లరీ ఆ కీర్తినే తర్వాత నిధుల సేకరణకు వినియోగించారు. 1960లో హిమాలయన్ ట్రస్టును స్థాపించారు. షెర్పాల కోసం ఖుంజుంగ్‌లో 1961లో పాఠశాల, కుందేలో 1966లో ఆసుపత్రి వెలిశాయి.

తెలుగువారిలో, 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కిన నిజామాబాద్ జిల్లా యువతి మాలావత్ పూర్ణ, ఆ తర్వాత కిలిమంజారోనూ అధిరోహించారు. అంతరిక్ష ఇంజినీర్ కావ్య మన్యపుతో కలిసి ‘ప్రాజెక్ట్ శక్తి’ పేరిట లద్దాఖ్‌లో ఆమె చేసిన ఆరోహణ ఉద్దేశం పేద బాలికల చదువుకు నిధుల సేకరణ.

ఇలాంటి యాత్రకు భారత్‌లో విరాళమిచ్చేవారు సొమ్ము సంస్థ ఖాతాకు వెళుతోందో, యాత్రికుడి సొంత ఖాతాకు వెళుతోందో చూసుకోవాలి. వ్యక్తికి ఇచ్చిన మొత్తానికి ఆదాయపు పన్ను మినహాయింపు లేదు. ఆమోదం పొందిన సంస్థకైనా 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే మినహాయింపు వర్తించదు.