లెచ్‌వర్త్ రాష్ట్ర ఉద్యానవనం

లెచ్‌వర్త్ రాష్ట్ర ఉద్యానవనం అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యూయార్క్ రాష్ట్రపు పశ్చిమ భాగంలో, జెనెసీ నదికి ఇరువైపులా ఉన్న రక్షిత ప్రదేశం. ఇది నది వెంబడి సుమారు 17 మైళ్ళ (27 కి.మీ.) పొడవున, 14 వేలకు పైగా ఎకరాలలో విస్తరించి ఉంది. పెన్సిల్వేనియాలో పుట్టి, ఉత్తర దిశగా ప్రవహించి ఒంటారియో సరస్సులో కలిసే జెనెసీ ఇక్కడ నేలను కోసుకొని లోతైన గండిని ఏర్పరచింది. గండి గోడలు కొన్నిచోట్ల 550 అడుగుల ఎత్తు ఉంటాయి. గండికోట వద్ద పెన్నా నదిని చూసినవారికి ఈ దృశ్యాన్ని ఊహించుకోవడం కష్టం కాదు. అయితే ఇక్కడి రాయి బూడిదరంగులో పొరలు పొరలుగా ఉంటుంది, గట్లపై దట్టమైన అడవి పెరిగింది. దీనిని "తూర్పు ప్రాంతపు గ్రాండ్ కాన్యన్" అని కూడా పిలుస్తారు. లోతును బట్టి చూస్తే ఇది అతిశయోక్తియే. అరిజోనాలోని అసలు గ్రాండ్ కాన్యన్ లోతు మైలుకు పైమాటే.

గండి పుట్టుక

ఇక్కడి షేల్, ఇసుకరాయి పొరలు డెవోనియన్ యుగంలో, అంటే 35 కోట్ల సంవత్సరాలకు పూర్వం, సముద్రగర్భంలో పేరుకున్నవి. గండి మాత్రం భూగర్భ చరిత్రలో నిన్న మొన్నటిది. చివరి హిమయుగంలో మంచుపలకలు తెచ్చిపోసిన మట్టి, రాళ్ళు నది పాత లోయను పూడ్చివేశాయి. దారి మూసుకుపోయిన నది కొత్త దారిని తొలుచుకొన్నది. షేల్ మెత్తనిది కావున కోత వేగంగా సాగింది, నేటికీ సాగుతూనే ఉంది.

జలపాతాలు

నదిపై ప్రధానంగా మూడు జలపాతాలు ఉన్నాయి: ఎగువ, మధ్య, దిగువ జలపాతాలు. వీటిలో మధ్య జలపాతం పెద్దది, ఎత్తు 107 అడుగులు. తక్కిన రెండూ ఒక్కొక్కటి సుమారు 70 అడుగులు. మధ్య జలపాతపు అందాన్ని చూడడానికి సూర్యుడు మిట్టమధ్యాహ్నం ఒక క్షణం ఆగుతాడని ఈ ప్రాంతపు మూలవాసులైన సెనెకా ప్రజల నమ్మకం. ఎగువ జలపాతం పైన రైలు వంతెన ఉంది. 1852లో కట్టిన కొయ్య వంతెన 1875లో కాలిపోగా కొద్ది నెలలలోనే ఇనుప వంతెన నిర్మించారు. దాని స్థానంలో ప్రస్తుతపు ఉక్కు కమాను వంతెన 2017లో వచ్చింది.

చరిత్ర

ఈ లోయ సెనెకా ప్రజలది. 1797 నాటి బిగ్ ట్రీ ఒప్పందంతో వారు జెనెసీ తీరంలోని భూములలో అత్యధిక భాగాన్ని కోల్పోయారు. మిగిలిన కొద్ది భూములలో ఒకటైన గార్డో మేరీ జెమిసన్ అనే స్త్రీకి దక్కింది. బాల్యంలో బందీగా చిక్కి, సెనెకా కుటుంబంలో పెరిగిన ఈ శ్వేతజాతి స్త్రీ తిరిగి తనవారి వద్దకు వెళ్ళడానికి ఇష్టపడలేదు. ఆ భూమి కూడా క్రమంగా చేజారింది. 1833లో బఫెలో సమీపంలో మరణించిన ఆమె అవశేషాలను 1874లో ఇక్కడికి తెచ్చి తిరిగి ఖననం చేశారు. ఆమె విగ్రహాన్ని 1910లో ప్రతిష్ఠించారు.

ఉద్యానవనం పేరుకు కారణమైన విలియం ప్రయర్ లెచ్‌వర్త్ (1823-1910) బఫెలో నగరానికి చెందిన వ్యాపారి. ఆయన 1859లో మధ్య జలపాతం పక్కన స్థలం కొనేనాటికి చుట్టుపక్కల చెట్లు కలప కోసం నరికివేతకు గురై ఉన్నాయి. ఆయన మొక్కలు నాటించి, ఏళ్ళ తరబడి ఇరుగుపొరుగు భూములను కొంటూ వచ్చాడు. తన ఇంటికి గ్రీకు పురాణాలలోని ఇంద్రధనుస్సు దేవత పేరు కలిసివచ్చేలా "గ్లెన్ ఐరిస్" అని పేరు పెట్టుకున్నాడు. సెనెకా ప్రజల పాత సభామందిరాన్ని శిథిలం కాకుండా తన భూమిపైకి తరలించగా, 1872 అక్టోబరు 1న వారి పెద్దలు అందులో సమావేశమయ్యారు.

పందొమ్మిదవ శతాబ్ది చివరికి మరొక ప్రమాదం వచ్చింది. జలపాతాలకు ఎగువన పోర్టేజ్ వద్ద ఆనకట్ట కట్టి నీటిని విద్యుత్తుకు వాడుకోవాలన్న పథకం బయలుదేరింది. అది నెరవేరితే జలపాతాలలో నీరు ఎంత మిగులుతుందో చెప్పలేని స్థితి. లెచ్‌వర్త్‌కు వయసు మీద పడింది, వివాహం చేసుకోలేదు. వెయ్యి ఎకరాల ఎస్టేటును, తన జీవితకాలం అక్కడ నివసించే హక్కు మాత్రం ఉంచుకొని, ప్రజల ఉద్యానవనంగా రాష్ట్రానికి ఇవ్వడానికి ఆయన 1906లో ముందుకు వచ్చాడు. 1907లో శాసనసభ ఆ దానాన్ని స్వీకరించింది. పోర్టేజ్ ఆనకట్ట రాలేదు.

అయినా నది ఆనకట్టను పూర్తిగా తప్పించుకోలేదు. దిగువన ఉన్న రోచెస్టర్ నగరాన్ని జెనెసీ వరదలు పలుమార్లు ముంచెత్తాయి. అందువలన అమెరికా సైనిక ఇంజనీర్ల విభాగం గండి ఉత్తరపు కొసన మౌంట్ మోరిస్ ఆనకట్టను 1952లో పూర్తిచేసింది. ఇది జలపాతాలకు చాలా దిగువన ఉంది, దీనిలో విద్యుత్తు ఉత్పత్తి లేదు. మామూలు రోజులలో నది దీని తూముల గుండా సాగిపోతుంది. వరద వచ్చినపుడే నీటిని నిలిపి, మెల్లగా వదులుతారు. 1972 జూన్‌లో ఏగ్నెస్ తుఫానుకు జలాశయం దాదాపు నిండిపోయింది. వరదనీరు తీసిన తరువాత బురద, కొట్టుకువచ్చిన దుంగలు గండి అడుగున పేరుకుపోతాయి. జలపాతాలను కాపాడిన ఉద్యానవనంలోనే ఈ ఆనకట్ట ఉండడం విచిత్రంగా తోచవచ్చు గాని, కాపాడవలసిన ఊళ్ళూ ఇదే నదిపై ఉన్నాయి.

సందర్శన

రోచెస్టర్, బఫెలో నగరాల నుండి కారులో సుమారు గంట ప్రయాణం. నయాగరా చూడడానికి వచ్చే తెలుగువారు ఒక రోజు మిగుల్చుకోగలిగితే ఇక్కడికి వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్ళవచ్చు. పశ్చిమపు గట్టు మీది రోడ్డు వెంట ఇన్‌స్పిరేషన్ పాయింట్, గ్రేట్ బెండ్ వంటి దృశ్యస్థలాలు ఉన్నాయి. ఇన్‌స్పిరేషన్ పాయింట్ నుండి ఎగువ, మధ్య జలపాతాలు, వాటి వెనుక వంతెన ఒకే చూపులో కనిపిస్తాయి. దిగువ జలపాతం చేరడానికి వందకు పైగా రాతి మెట్లు దిగాలి. అక్కడ నదిని దాటే చిన్న రాతి వంతెన ఉంది. వృద్ధులు మధ్య జలపాతంతో సరిపెట్టుకోవడం మేలు, అది రోడ్డుకు చేరువలోనే ఉన్నది. గ్లెన్ ఐరిస్ నేడు వసతిగృహం. దాని సమీపంలో సంగ్రహాలయం ఉంది.

ఆకులు ఎరుపు, పసుపు రంగులకు తిరిగే అక్టోబరులో రద్దీ ఎక్కువ. జలపాతాలు నిండుగా కనిపించేది మంచు కరిగే వసంతంలో. శీతకాలంలో లోపలి రోడ్డులో కొంత భాగాన్ని మూసివేస్తారు. గట్టు అంచున ఉన్న రాతి పిట్టగోడలను దాటి వెళ్ళరాదు. షేల్ పొరలు పైకి గట్టిగా కనిపించినా కాలి కింద విరిగిపోతాయి.