రొయ్యల గుంట మీద అస్తివారం

మా మేస్త్రీ పునాదిని అస్తివారం అంటాడు. నెల్లూరు జిల్లాలో దక్షిణానికి వెళ్ళేకొద్దీ ఈ మాటే ఎక్కువగా వినిపిస్తుంది, తమిళంలోనూ ఇదే మాట. పాత నిఘంటువుల్లో అస్తిభారం అని ఉంటుంది. నాకైతే వినగానే అస్థి, అంటే ఎముక, గుర్తొస్తుంది. వ్యుత్పత్తి ఏదైనా మాట మాత్రం అతికినట్టుంది.

ఆరునెలలుగా మా పుట్టింట్లో ఇదే మాట. తమ్ముడు సముద్రం వైపు కొన్న ఇరవై అంకణాల స్థలం ఒకప్పుడు రొయ్యల గుంట. మా జిల్లాలో ఇలాంటి స్థలాలు ఎందుకు ఇన్ని ఉన్నాయో నా వయసు వాళ్ళకి బాగా తెలుసు. 1990ల మొదట్లో తీరం పొడవునా వరిపొలాలు, చవుడు నేలలు గుంటలైపోయాయి. డాలర్ల పంట అనేవారు. 1994లో వైరస్ తగిలి రొయ్య తేలిపోయింది. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2009 తర్వాత వనామీతో సాగు మళ్ళీ లేచింది గానీ, ఊళ్ళకి దగ్గరగా ఉన్న గుంటలు కొన్ని గ్రావెల్ పోసుకుని ప్లాట్లయ్యాయి. పూడ్చేవాళ్ళు అడుగున పేరుకున్న నల్ల బురద తీస్తారా? టిప్పర్లతో పైన పోసేస్తారు. పైకి చూస్తే ఎర్రగా, గట్టిగా ఉంటుంది.

కాంట్రాక్టరు నాలుగడుగులు తవ్వి ఫుటింగులు వేద్దామన్నాడు. "ఈ వీధంతా అట్లనే కట్టినాం అక్కా" అన్నాడు. నాయన రిటైర్మెంటు డబ్బంతా అందులో పోయాలి కాబట్టి నేను కాస్త మొండికేశాను, పుస్తకాలు తిరగేశాను.

చదివితే తెలిసింది, ఇసుక చెడ్డ నేల కాదని. బల్ల మీద బియ్యం కుప్ప పోసి వేలితో నొక్కండి, పక్కలకి జారిపోతుంది. అదే బియ్యం గ్లాసులో దట్టించి నొక్కండి, వేలు దిగదు. ఇసుక పక్కకి పోకుండా, నీళ్ళు కోసేయకుండా ఆపితే చాలు, ఇంటిని మోస్తుంది. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడికి కాకతీయుల కాలపు శిల్పులు చేసింది ఇదే. గొయ్యి తవ్వి, ఇసుకతో దట్టించి, ఆ పెట్టె మీద గుడి నిలబెట్టారు.

నదుల దగ్గర ఇంకో పద్ధతి, బావుల పునాది. అడుగున చట్రం పెట్టి, దాని మీద ఇటుకతో గుండ్రంగా ఒర కట్టుకుంటూ, లోపలి ఇసుక తోడేస్తుంటే ఒర తన బరువుకి తనే దిగుతుంది. కావలసినంత దిగాక లోపల రాయి, సున్నం నింపేస్తారు. తాజ్‌మహల్‌లో యమున వైపు కట్టడం ఇలాంటి బావుల మీదే ఉంది. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టిన కాటన్ కూడా గోదావరి ఇసుకలో బావులే దించాడు. అంతకుముందు కావేరి మీది కల్లణై చూసి, లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో ఈ దేశం వాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని ఆయనే రాశాడు. అక్కడ పెద్ద రాళ్ళు ఇసుకలో వేశారు. అవి దిగితే మీద ఇంకొన్ని, ఇక దిగనంటూ మొరాయించేదాకా. ఆయన్ని మనం దేవుడిలా కొలుస్తాం, తప్పులేదు. కల్లణై కట్టిన కూలీల పేర్లే ఎక్కడా లేవు.

బంకమన్ను, బురద వేరు. అవి బరువు పడ్డాక నీళ్ళు వదులుకుంటూ ఏళ్ళ తరబడి కుంగుతాయి. ఇల్లు మొత్తం సమానంగా రెండంగుళాలు కుంగితే పెద్ద బాధ లేదు, ఒక మూల ఎక్కువ కుంగితేనే గోడ పగులుతుంది. 1173లో మొదలుపెట్టిన పీసా గోపురం కథ అదే. ఒక పక్క మెత్తటి మన్ను. దాన్ని కాస్త నిలబెట్టడానికి 1990 నుంచి 2001 దాకా పట్టింది. అంతా చేసి ఇంజనీర్లు ఏం చేశారు? వాలిన వైపు ఎత్తలేదు, ఎత్తుగా ఉన్న వైపు కింద మన్ను తోడేశారు! మనవైపు నల్లరేగడిది ఇంకో తంటా, వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోతుంది. దానికోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున గంటలా వెడల్పయ్యే పైల్స్‌ని మన దేశంలో వాడుకలోకి తెచ్చింది.

చివరికి తమ్ముడు సాయిల్ టెస్టు చేయించాడు. పైన ఆరడుగులు గ్రావెల్, దాని కింద ఎనిమిదడుగులు నల్ల బురద, ఆ తర్వాత గట్టి ఇసుక. నాలుగడుగుల ఫుటింగు ఆ బురద నెత్తిన కూర్చునేదన్నమాట. ఇంజనీరు బురద దాటించి ఇసుకలోకి దిగేలా పైల్స్ వేసి, వాటిని బీములతో కట్టేయమన్నాడు. ఆ ఖర్చుకి పై అంతస్తు ఆగిపోయింది. మరదలు వారం రోజులు ముభావంగా ఉంది, ఆ పిల్లని తప్పుపట్టలేను, పైగది కోసం కలలు కన్నది తనే.

పైల్స్ పని మొన్న మొదలైంది. బోరు గుంత కూలిపోకుండా బెంటొనైట్ కలిపిన చిక్కటి నీళ్ళు పోస్తూ తవ్వుతున్నారు. అమ్మకి ఒకటే దిగులు, తవ్విన పునాదే లేకపోతే నవధాన్యాలు ఎక్కడ వేయాలని. మేస్త్రీ ఈశాన్యం మూల పైలు తల మీద బీము కాంక్రీటు పోసే ముందు వేయిస్తానన్నాడు. అమ్మ సరేనంది.