కృష్ణమ్మ మీద పుట్టి

గద్వాల మండలంలో కృష్ణ నడుమ గుర్రంగడ్డ అనే లంక ఊరుంది. ఆ ఊరివాళ్లకు తరతరాలుగా ఒడ్డు చేరాలంటే పుట్టి అనే గుండ్రటి బుట్ట పడవే దిక్కుగా ఉంటూ వచ్చింది. కొత్త పెళ్లికూతురు, ఎరువు బస్తా, నొప్పులు పడే ఆడమనిషి, అందరూ దాంట్లోనే ఏరు దాటారు. కురువపురం శ్రీపాద శ్రీవల్లభుని దర్శనానికి పంచదేవ్‌పాడు వైపు నుంచి ఏరు దాటి వెళ్లే భక్తులకూ పుట్టి బాగా తెలిసిందే.

పుట్టి కట్టడం చూడ్డానికి సులువుగానే ఉంటుంది. వెదురు బద్దల్ని అడుగున ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా పరిచి, అల్లుకుంటూ, వంచుకుంటూ పైకి వస్తారు. అంచు దగ్గర బద్దలన్నీ కలిపి లావుగా చుట్టు బిగిస్తారు. ఆ చుట్టు వదులైతే పుట్టి గుండ్రం చెడి ఒక పక్కకు ఒరుగుతుంది. పూర్వం దాని మీద పశువుల తోలు కుట్టేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా చుట్టి తారు పూస్తున్నారు. పని అయ్యాక ఒడ్డున బోర్లించి ఆరబెట్టకపోతే వెదురు కుళ్లిపోతుంది.

కృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో, విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆనెగొంది దగ్గర తుంగభద్ర మీద వీటిని చూసి రాసిపెట్టాడు. పదిహేను, ఇరవై మందిని మోస్తాయని, అవసరమైతే గుర్రాలను, ఎద్దులను కూడా దాటిస్తాయని, తిన్నగా పోలేక గిరగిర తిరుగుతూనే ఉంటాయని ఆయన లెక్క. ఆ తుంగభద్రే దిగువన అలంపురం దాటి కృష్ణలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి రత్నాల వ్యాపారి తావెర్నియే కూడా ఎద్దు తోలు కప్పిన బుట్ట పడవల్లో నది దాటాడు. సరుకు తడవకుండా అడుగున కట్టెలు వేసి, వాటి మీద తివాచీలు పరిచేవారట. మద్రాసు మత్స్యశాఖలో పెద్ద అధికారిగా పనిచేసిన జేమ్స్ హోర్నెల్ 1933లో దక్షిణ భారత పుట్టీల మీద ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశాడు.

ఇది మన ఒక్కరి సొత్తు కాదు. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలోనే హెరొడోటస్ యూఫ్రటీసు నది మీద గుండ్రటి తోలు పడవల గురించి చెప్పాడు. వేల్స్‌లోనూ ఇలాంటివి ఉన్నాయి. ఇక కయాక్ అనే సన్నటి, పొడవాటి పడవ సంగతి. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ వేటగాళ్లు నీళ్లలో కొట్టుకొచ్చిన కట్టెలతో, ఎముకలతో చట్రం కట్టి సీలు తోలు కప్పి దాన్ని చేసుకున్నారు. నా దృష్టిలో పుట్టి, కయాక్ ఒకే వంశం. చట్రం తేలిక, పైన తోలు. పెద్ద మానులు తొలిచి పడవ చేసుకునే వీలు లేనివాడి తెలివి అది.

చేపల వేటలో పుట్టికి ఉన్న పెద్ద ఇబ్బంది చేతులది. తెడ్డు ముందుకు వేసి తనవైపు లాక్కుంటూ పోవాలి. వల విసరాలంటే తెడ్డు వదలాలి. అందుకే ఒకరు తెడ్డు వేస్తుంటే ఇంకొకరు వల వదులుతారు. పెడల్ కయాక్ తీర్చింది సరిగ్గా ఈ చిక్కునే. అమెరికాకు చెందిన హోబీ కంపెనీ 1997లో, కాళ్లతో తొక్కితే పడవ అడుగున రెండు రెక్కలు ఆడే ఏర్పాటు తెచ్చింది. తర్వాత వేరే కంపెనీలు సైకిల్‌లా తొక్కే ఫ్యాన్ రకాలు తెచ్చాయి. గాలం వేసేవాడికి రెండు చేతులూ ఖాళీ.

మరి మన నీళ్లలో ఏది మేలు? కృష్ణ మీది జూరాల ప్రాజెక్టు వెనుక జలాలు, సోమశిల దగ్గర శ్రీశైలం వెనుక జలాలు లోతైనవి, విశాలమైనవి. అక్కడ పెడల్ కయాక్ హాయిగా నడుస్తుంది. నాచు ఎక్కువుంటే ఫ్యాన్‌కు చుట్టుకుంటుంది కాబట్టి రెక్కల రకం చూసుకోవాలి. జూరాల దిగువన బీచుపల్లి వైపు మాత్రం ఏరంతా బండలే. అడుగున వేలాడే యంత్రం ఏ బండకో తగిలి విరగొచ్చు. పుట్టి జానెడు నీళ్లలోనూ తేలుతుంది, బండ తగిలితే వంగి జారిపోతుంది, ఒక్క మనిషి నెత్తిన పెట్టుకుని ఒడ్డెక్కిస్తాడు. అక్కడ నా ఓటు పుట్టికే.

ఏదెక్కినా ఒక్క మాట. వానాకాలంలో జూరాల గేట్లు ఎత్తితే దిగువన నీటిమట్టం వేగంగా పెరుగుతుంది. గేట్ల సంగతి కనుక్కోకుండా ఏట్లోకి దిగకండి. లైఫ్ జాకెట్ ఇవ్వని పుట్టి ఎక్కకండి.